దీర్ఘశ్రవణం: ఖరగ్‌పూరు, ప్రోగ్రెసివ్ రాక్, శ్రోత

సంగీత చరిత్రలు ప్రాయికంగా పాడినవారి చరిత్రలు, వాయించినవారి చరిత్రలు. ఏ గాయకుడు ఏ గురువు వద్ద శిక్షణ పొందినాడు, ఏ సభలో ఏ రాగం పాడినాడు, ఏ సంవత్సరంలో ఏ రికార్డు ఇచ్చినాడు అన్న వివరాలు వాటిలో దొరుకుతవి. ఆ పాట విన్నవాడెవడు, ఎక్కడ కూర్చుండి విన్నాడు, ఎంతసేపు విన్నాడు, విన్న తరువాత వానిలో ఏమి మారినది అన్న సంగతులు దొరకవు. సాహిత్యంలో ఈ లోపాన్ని ఆలంకారికులు చాల ముందుగానే గుర్తించినారు. కావ్యానుశీలనం చేత మనస్సు అద్దంవలె నిర్మలమైన పాఠకుని వారు సహృదయుడన్నారు. రసచర్చలో కవికి ఎంత చోటు ఇచ్చినారో సహృదయునికి అంత చోటు ఇచ్చినారు. సంగీత చరిత్రకారులు మాత్రం శ్రోతను సభలో కూర్చుండబెట్టి, చప్పట్లు కొట్టించి, ఇంటికి పంపివేసినారు.

ఈ అన్యాయం విశేషంగా కనిపించే చోటు ఒకటి ఉన్నది. అది 1960ల చివర ఇంగ్లండులో పుట్టి, తరువాతి దశకంలో వర్ధిల్లి, ప్రోగ్రెసివ్ రాక్ అని పేరుపడిన సంగీతం. అది శ్రోత ఓర్పు మీద ఆధారపడి నిలిచిన సంగీతం. మూడు నిమిషాలలో మనస్సును పట్టే పాట కాదది. ఇరవై నిమిషాలు కదలక కూర్చున్నవానికే లొంగుతుంది. అట్టి సంగీతానికి బెంగాలులోని ఖరగ్‌పూరు రైల్వే పట్టణం వంటి చోట శ్రోతలు ఏర్పడినారు. వారిని కేవలం పరాయి మోజుకు లోబడినవారుగా చూడవలెనా, లేక ఒక కళకు నిజమైన సహృదయులుగా చూడవలెనా అన్నది ఇక్కడి ప్రశ్న. తెలుగు రచయితలకు ఈ ప్రశ్న పైకి తోచినంత దూరమైనది కాదు. ఖరగ్‌పూరు తెలుగువారి ఊరు కూడ.

మొదట పేరును గూర్చి ఒక మాట. తెలుగు సాహిత్యంలో ‘ప్రోగ్రెసివ్’ అనగానే అభ్యుదయ రచయితలు స్ఫురిస్తారు. ఈ సంగీతానికి ఆ అర్థం వర్తించదు. ఇక్కడ పురోగమనం రూపానికి సంబంధించినది. రాక్ సంగీతం అంతవరకు నాట్యశాలల కొరకు, యువజనుల వినోదం కొరకు పుట్టిన లఘురూపం. దానికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని ఖండవిభాగాన్ని, జాజ్‌లోని మనోధర్మాన్ని, జానపద గీతాల బాణీలను, మెలోట్రాన్, సింథసైజర్ వంటి కొత్త వాద్యాల ధ్వనులను చేర్చి, దీర్ఘరూపంగా పెంచవలెనని కొందరు సంకల్పించినారు. 1967లో బీటిల్స్ బృందం వెలువరించిన ‘సార్జంట్ పెపర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’, అదే సంవత్సరం మూడీ బ్లూస్ బృందం వాద్యగోష్ఠితో కలిసి చేసిన ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్’ ఆ దారికి ప్రారంభాలు. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందం ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’తో ఆ దారి స్పష్టమైన మార్గమైనది. పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనసిస్, జెత్రో టల్, సాఫ్ట్ మెషీన్ బృందాలు ఆ మార్గంలో తలకొక తీరున నడిచినవి.

ఈ మార్పుకు సంగీతకారుల ప్రతిభ ఎంత కారణమో, ఒక యంత్రసాధనం అంత కారణం. 1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును ప్రకటించినది. అంతకుముందున్న గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది; పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపున ఇంచుమించు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. లాంగ్ ప్లే రికార్డు నిమిషానికి ముప్పదిమూడున్నొక మూడవవంతు చుట్లు తిరుగుతుంది. పన్నెండు అంగుళాల రికార్డు ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైబడి పడుతుంది. ‘ఆల్బమ్’ అన్న మాట కూడ పాత ప్లేట్ల నుండి వచ్చినదే. దీర్ఘమైన సంగీతకృతిని ముక్కలుచేసి అనేక ప్లేట్లపై ముద్రించి, ఆ ప్లేట్లను ఫోటోల పుస్తకంవలె అట్టల మధ్య సంచులలో కూర్చి అమ్మేవారు. ఆ పుస్తకం ఆల్బమ్. తరువాత ఆ పుస్తకమంతా ఒక్క రికార్డులో ఇమిడినా, పేరు మాత్రం మిగిలినది.

తెలుగువారికి ఈ ముక్కల బాధ అనుభవంలో ఉన్నదే. 1902లో కలకత్తాకు వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు, గంటసేపు విస్తరించగల రాగాన్ని ఆమె మూడు నిమిషాలకు కుదించి పాడవలసి వచ్చినది. తరువాతి దశకాలలో తెలుగు పౌరాణిక నాటకాలు అనేక ప్లేట్ల సెట్లుగా వెలువడినవి. ఒక పద్యం ముగిసీ ముగియకముందే లేచి, ప్లేటు తిరగవేసి, ముల్లు మార్చి, మళ్ళీ కూర్చుండి, తెగిన కథను మనస్సులో అతుకుకొనవలెను. ఆ శ్రోతలకు దీర్ఘశ్రవణం కొత్తగాదు. రాత్రి మొదలుపెట్టి తెల్లవారు వరకు సాగే వీధి భాగవతాన్ని, ఉత్తరాంధ్ర పల్లెలలోని జముకుల కథను విన్న చెవులవి. యంత్రం మాత్రమే అప్పటికి వారి ఓర్పుకు తగినంత పెరగలేదు.

ఆ ఉత్తరాంధ్ర పల్లెలకూ ఖరగ్‌పూరుకూ మధ్య నున్న సంబంధం రైలుమార్గం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది ముగియు వేళకు ఖరగ్‌పూరును తన కూడలిగా చేసికొన్నది. 1900 ఏప్రిల్‌లో హౌరా-ఖరగ్‌పూరు మార్గం తెరవబడినది. 1902లో వాల్తేరు నుండి కటకం వరకు గల తూర్పుతీరపు రైలుమార్గం, పూరీ శాఖతో సహా, ఆ కంపెనీ యాజమాన్యంలోనికి వచ్చినది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల శ్రామికులకు కలకత్తా దిక్కు వెళ్ళే దారి సుగమమైనది. ఖరగ్‌పూరులో నెలకొన్న పెద్ద వర్క్‌షాపులో, లోకోషెడ్డులో, లైను పనులలో తెలుగువారు విస్తారంగా చేరినారు. గోల్ బజారులో, మథురాకాటిలో, నీంపురాలో బెంగాలీ, హిందీ, ఒడియా భాషల నడుమ తెలుగు వినిపించే ఊరు అది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్ల పొడవైన ప్లాట్‌ఫారం ఆ ఊరిది. 1,072 మీటర్లకు పైబడిన ఆ ప్లాట్‌ఫారం 2013లో ఆ కీర్తిని గోరఖ్‌పూరుకు అప్పగించినది.

రైల్వే పట్టణం అనునది సామాన్యమైన ఊరు వంటిది కాదు. దానికి పూర్వచరిత్ర తక్కువ. అక్కడివారందరు మరొక చోటనుండి వచ్చినవారే. ఎవరి పండుగ వారిది, ఎవరి పాట వారిది; అయినా గోడలు దగ్గర. కంపెనీ కాలంలో డ్రైవర్లుగా, గార్డులుగా పనిచేసిన ఆంగ్లో-ఇండియన్లు రైల్వే ఇన్‌స్టిట్యూటులలో పియానో, గిటారు, నాట్యసంగీతం నిలిపినారు. స్వాతంత్ర్యం తరువాత వారిలో అనేకులు ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయినారు. ఆ వలసకుటుంబాల పాట ఎంత దూరం వెళ్ళినదో తెలుపుటకు ఒక్క పేరు చాలును. ఇంగ్లండు రాక్ గాయకులలో తొలితరపు ప్రసిద్ధుడు క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టినాడు. ఆయన తండ్రి భారతీయ రైల్వేలకు భోజనాలు సమకూర్చే కంట్రాక్టు సంస్థలో మేనేజరు. కనుక రాక్ సంగీతం రైల్వే కాలనీకి పూర్తిగా పరాయిది అనుట చరిత్రరీత్యా సరికాదు.

ఈ ఊరికి కొంత దూరాన, హిజ్లీలో, మరొక లోకం ఏర్పడినది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగిన నిర్బంధ శిబిరంలో 1951లో మొదటి భారతీయ సాంకేతిక విద్యాసంస్థను స్థాపించినారు. దేశం నలుమూలల నుండి విద్యార్థులు వచ్చి ఆజాద్, నెహ్రూ, పటేల్ పేర్లు గల వసతిగృహాలలో చేరినారు. వారిలో తెలుగు విద్యార్థులు మొదటినుండి ఉన్నారు. 1960 నుండి ఆ సంస్థలో జరుగుతున్న వసంతోత్సవంలో రాక్ బృందాల పోటీ ఒక ప్రధానాంశమైనది. ఐ.ఐ.టి. వసతిగృహాలలో పింక్ ఫ్లాయిడ్ అభిమానం ఒక తరం విద్యార్థుల నుండి మరొక తరానికి పాఠ్యపుస్తకాలవలె చేతులు మారినది. రైల్వే కాలనీలోని ఇన్‌స్టిట్యూటూ, హిజ్లీలోని వసతిగృహమూ ఒకదాని కొకటి తెలియని రెండు గదులు. రెండింటిలోను పాశ్చాత్య సంగీతం వినిపించినది.

ఆ సంగీతం అక్కడికి చేరుటకు కలకత్తా ఆధారం. ఖరగ్‌పూరు నుండి హౌరా 115 కిలోమీటర్లు. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం తెరచి, 1928లో దానిని డమ్‌డమ్‌కు మార్చినది. బ్రిటిష్ మాతృసంస్థ విడుదల చేసిన రికార్డులలో కొన్ని డమ్‌డమ్‌లో ముద్రితమయ్యేవి. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లు అట్లు భారతీయ ముద్రణలో దొరికినవి. తక్కినవి దిగుమతి ఆంక్షల కారణంగా అరుదు. ఫ్రీ స్కూల్ స్ట్రీటులోని పాత రికార్డుల దుకాణాలలో, విదేశాలకు పోయి వచ్చినవారి పెట్టెలలో వెదకవలసినదే. ఆకాశవాణి కలకత్తా కేంద్రం నుండి ‘మ్యూజికల్ బ్యాండ్‌బాక్స్’ కార్యక్రమం పాశ్చాత్య గీతాలను వినిపించేది. 1967 నుండి 1977 వరకు, డెస్మండ్ డోయిగ్ సంపాదకత్వంలో, స్టేట్స్‌మన్ సంస్థ వెలువరించిన ‘జూనియర్ స్టేట్స్‌మన్’ పత్రిక ఈ సంగీతం గురించిన వార్తలను యువకులకు అందించినది. పార్క్ స్ట్రీటు హోటళ్ళలో బృందాలు వాయించినవి. దిలీప్ బాలకృష్ణన్ ‘ది గ్రేట్ బేర్’ అన్న బృందంతోను, తరువాత ‘హై’ అన్న బృందంతోను ప్రోగ్రెసివ్ రాక్‌ను కలకత్తాలోనే సాధన చేసినాడు.

ఇంత దుర్లభంగా దొరికిన వస్తువును వినుటలో ఒక నియమం తనంతట తానే ఏర్పడుతుంది. ఒక రికార్డు పదిమందిది. ముల్లు అరిగితే రికార్డు పాడవుతుంది. కనుక ఇష్టమైన పాట కొరకు నడుమ ముల్లు దించరాదు. మొదటినుండి చివరవరకు విని, లేచి, రెండవ వైపు తిరగవేయవలెను. తరువాత క్యాసెట్టు వచ్చినది. తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక్కొక్క వైపున నలుబదియైదు నిమిషాలు. ఒక వైపున ఒక ఆల్బమ్ సరిగా పడుతుంది. ప్రతికి ప్రతి తీసికొన్నకొద్ది ధ్వని మసకబారినా, ఆల్బమ్ అఖండంగానే మిగిలినది. పూర్వం తాళపత్రగ్రంథాలను ప్రతులు వ్రాసుకొన్న వారి శ్రమకూ ఈ శ్రమకూ పోలిక లేకపోలేదు. ప్రతి వ్రాసినవాడు గ్రంథమంతా చదువక తప్పదు. క్యాసెట్టు నకలు తీసినవాడు ఆల్బమంతా వినక తప్పదు.

ఆ ఆల్బమ్‌లలో వినుటకేమున్నదో చూడవలెను. 1971లో వెలువడిన పింక్ ఫ్లాయిడ్ ‘మెడిల్’ రెండవ వైపంతా ‘ఎకోస్’ అన్న ఒక్క కృతి. దాని నిడివి ఇరవైమూడు నిమిషాలు. 1972లో జెత్రో టల్ ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ రెండు వైపులు కలిసి ఒకే రచన. అదే సంవత్సరంలోని యెస్ బృందపు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ మొదటి వైపు నాలుగు భాగాలుగా సాగే ఏకకృతి. దానికి ప్రేరణ హెర్మన్ హెస్సె 1922లో ప్రకటించిన ‘సిద్ధార్థ’ నవల. కింగ్ క్రిమ్సన్ బృందంలో పీటర్ సిన్‌ఫీల్డ్ ముఖ్యంగా పదరచన కొరకే సభ్యుడు. వాద్యం పట్టని కవికి బృందంలో స్థానం కలిగిన సందర్భమది. 1974లో జెనసిస్ వెలువరించిన ‘ది లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ అట్ట లోపల పీటర్ గేబ్రియెల్ వ్రాసిన కథ ముద్రితమైనది. 1977లో పింక్ ఫ్లాయిడ్ ఇచ్చిన ‘ఆనిమల్స్’కు బీహారులోని మోతీహారిలో జన్మించిన జార్జి ఆర్వెల్ వ్రాసిన ‘ఆనిమల్ ఫార్మ్’ ఛాయ ఉన్నది. అట్ట మీద సాహిత్యాన్ని ముద్రించుట ‘సార్జంట్ పెపర్’ నాటినుండి ఆచారమైనది. ఆంగ్లగాయకుని ఉచ్చారణ చెవికి చిక్కని భారతీయ శ్రోతకు ఆ ముద్రిత పాఠం ఎంతో ఉపకరించినది. అతడు ఒక చేత అట్ట పట్టుకొని చదువుతూ విన్నాడు. అతనిలో శ్రోత, పాఠకుడు ఒక్కరైనారు.

ఇట్టి శ్రోతకు చేరినప్పుడు విశేషమైన అర్థం పొందగల ఆల్బమ్ ఒకటి ఉన్నది. 1973 డిసెంబరులో యెస్ బృందం విడుదల చేసిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ అది. రెండు రికార్డులు, నాలుగు వైపులు, నాలుగే కృతులు. మొత్తం నిడివి ఎనుబది నిమిషాలకు పైన. గాయకుడు జాన్ ఆండర్సన్‌కు దీని భావన ఒక పుస్తకంలోని అధోజ్ఞాపిక నుండి కలిగినది. 1973 మార్చిలో ఒక వివాహ విందులో, కింగ్ క్రిమ్సన్ బృందంలో తాళవాద్యాలు వాయించిన జేమీ మ్యూర్, పరమహంస యోగానంద ఆత్మకథను చదువుమని ఆయనకు సూచించినాడు. ఆ పుస్తకం 83వ పుట అడుగున శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని శాస్త్రవిభాగాన్ని వివరించే సూచిక ఉన్నది. ఆండర్సన్ ఆ నాలుగింటిని నాలుగు వైపులుగా నిర్మించినాడు.

ఆ పుస్తకకర్త ముకుందలాల్ ఘోష్, 1893లో గోరఖ్‌పూరులో పుట్టిన బెంగాలీ. ఆయన తండ్రి భగవతీచరణ ఘోష్ బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉన్నతోద్యోగి. తండ్రి ఆధ్యాత్మిక జీవనానికి మూలం కూడ ఆ రైల్వే కార్యాలయమే. అక్కడి ఒక గుమాస్తా తన గురువు లాహిరీ మహాశయుని దర్శనానికి ఆయనను తీసికొనిపోయిన వృత్తాంతాన్ని యోగానంద తన గ్రంథంలోనే వర్ణించినాడు. ఖరగ్‌పూరును నిర్మించిన కంపెనీ, వాల్తేరు కూలీని వర్క్‌షాపుకు చేర్చిన కంపెనీ, ఈ అధికారిని కూడ పోషించినది. ఆ అధికారి కుమారుడు అమెరికాకు వెళ్ళి 1946లో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథం లండను గాయకుని చేతికి చిక్కి, ఎనుబది నిమిషాల సంగీతమై, రికార్డుగా మళ్ళీ కలకత్తా దిక్కుకు వచ్చినది. ఈ వర్తులంలో ఖరగ్‌పూరు శ్రోతను కడపటి కొననున్న గ్రహీతగా చూచుట ఎట్లు? ఆ సంగీతం బయలుదేరిన చోట్లలో అతని ఊరి రైలుకట్ట ఒకటి.

అంతేకాదు, ఆ శ్రోతకు ఇక్కడ తీర్పు చెప్పు అర్హత కూడ ఉన్నది. ఇంట్లో పురాణకాలక్షేపం విన్నవాడు, శ్రుతిస్మృతుల పేర్లు చిన్ననాడే చెవినిపడినవాడు, ఆండర్సన్ ఆ మాటలను ఎంత లోతుగా గ్రహించినాడని విచారించగలడు. ఆల్బమ్‌లోని మూడవ కృతికి పురాణమన్న భావన ఆధారం. అయితే అందులో కథనం కంటె తాళవాద్యాల సంఘర్షణ ఎక్కువ. పురాణం కథ చెప్పి మెప్పించవలెనని తెలిసిన శ్రోత అక్కడ నిరాశ పడవచ్చును. నాలుగవదైన ‘రిచ్యువల్’లో తంత్రాన్ని గూర్చిన భావన కూడ ఒక అధోజ్ఞాపిక ఇచ్చినంత మేరకే ఉన్నది. ఇంగ్లండులో సైతం ఈ ఆల్బమ్ వివాదాస్పదమైనది. కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్‌కు అది రుచింపలేదు. మాంచెస్టరు ప్రదర్శనలో వేదిక మీదనే భారతీయ భోజనం తెప్పించుకొని తిన్నానని ఆయన అనేక పర్యాయాలు చెప్పినాడు. 1974లో ఆయన బృందాన్ని వదలిపోయినాడు. శాస్త్రచతుష్టయాన్ని వాయించుచు కూర అన్నం తిన్న ఈ వృత్తాంతం హాస్యానికి పనికివచ్చినా, అందులో ఒక విమర్శ ఉన్నది: గ్రంథపు అడుగున చూచిన భావం ఎనుబది నిమిషాల బరువును మోయగలదా?

ఆ విమర్శ ఒక ఆల్బమ్‌తో ఆగలేదు. 1976-77 నాటికి ఇంగ్లండులో పంక్ సంగీతకారులు ప్రోగ్రెసివ్ రాక్‌ను ఆడంబరమని, పాండిత్యప్రకర్ష అని నిరసించి, మూడు నిమిషాల పాటకు తిరిగి పోయినారు. తెలుగు పాఠకునికి ఈ వాదం పరిచితమే. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ప్రబంధాల వర్ణనాధిక్యాన్ని ఖండించినప్పుడు ప్రశ్న ఇదే. నిడివి దానంతట అది గుణం కాదు. అలంకారం భావాన్ని మ్రింగితే దీర్ఘకావ్యం కూడ శూన్యమే. ఆ ఖండన తరువాత సైతం ‘మనుచరిత్ర’ను చదివేవారున్నారు. అట్లే పంక్ దండయాత్ర తరువాత సైతం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ను వినేవారున్నారు. ఏది నిలిచినది, ఏది రాలినది అన్నది శ్రోతలు పదేపదే విని తేల్చిన విషయం. విమర్శకుల తీర్పు అందులో ఒక పాలు మాత్రమే.

రెండవ ఆక్షేపణ దీనికంటె తీవ్రమైనది. ఇంగ్లీషు చదువుకొన్న కొద్దిమంది యువకుల విదేశవ్యామోహం తప్ప ఇందులో ఏమున్నదని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నలో సత్యం కొంత ఉన్నది. రికార్డు ప్లేయరు వర్క్‌షాపు కార్మికుని ఇంట ఉండే వస్తువు కాదు. హిజ్లీ వసతిగృహంలోని విద్యార్థికి నీంపురాలోని తెలుగు పాట వినిపించినదా అన్న ప్రశ్న వేయదగినదే. అయితే పరాయి సంగీతాన్ని వినుటలోని అజ్ఞానం ఒక్క వైపున లేదు. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో, బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జరిగిన సభలో, రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ వాద్యాలను శ్రుతి చేసికొనగానే సభ్యులు కరతాళధ్వనులు చేసినారు. శ్రుతి చేయుటే ఇంత నచ్చితే అసలు వాద్యం మరింత నచ్చగలదన్న ఆశ రవిశంకర్ మృదువుగా వ్యక్తం చేసినాడు. ఆ సభ ఆల్బమ్‌గా వెలువడి, ఆ చప్పట్లతో సహా లోకమంతట వినబడినది. కాని ఆ శ్రోతలలో అనేకులు ఆ తప్పు చప్పట్ల నుండి మొదలుపెట్టియే రాగాన్ని నేర్చుకొన్నారు. సహృదయుడు పుట్టుకతో తయారుగా రాడు. అభ్యాసం చేత అవుతాడు.

వ్యామోహం ఎప్పుడు అభ్యాసంగా మారినదో చెప్పగల సాక్ష్యం కూడ బెంగాలులో ఉన్నది. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ మిత్రులతో కలిసి కలకత్తాలో ‘మహీనేర్ ఘోడాగులి’ అన్న బృందాన్ని ఏర్పరచినాడు. ఆ పేరు జీవనానంద దాస్ రచించిన ‘ఘోడా’ కవిత నుండి తీసినది. వారు పాశ్చాత్య రాక్‌ను, జాజ్‌ను విన్నవారు. బావుల్ గాయకులను అంత శ్రద్ధగా విన్నవారు. 1977, 1978, 1979 సంవత్సరాలలో మూడు రికార్డులు ఇచ్చినారు. పాటలు బెంగాలీవి, నగరజీవితం, ఒంటరితనం, రాజకీయ నైరాశ్యం వాటి వస్తువు. అప్పటి శ్రోతలు వారిని ఆదరించలేదు, బృందం చెదరినది. 1995లో ‘ఆబార్ బొఛొర్ కుడి పొరే’ సంకలనంతో కొత్త తరం వారిని వెదకి పట్టుకొన్నది. అనగా ఆ బృందం మొదట వినినది, పిదప పాడినది; దానిని విని అర్థం చేసికొను శ్రోతలు పుట్టుటకు ఇరవై యేండ్లు పట్టినది. కవి ముందు పుట్టి సహృదయుడు వెనుక పుట్టుట సాహిత్యంలో వింతగాదు.

తెలుగువారి పాత్ర ఈ కథలో మరొక దిక్కునుండి కనిపిస్తుంది. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పాశ్చాత్య వాద్యమైన మాండలిన్‌ను, అందులోను విద్యుత్ మాండలిన్‌ను, కర్ణాటక సంగీతానికి వశం చేసినాడు. 1995లో ఆయన కెనడా గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వెలువడినది. ఆ సంస్థ స్థాపకుడు, ‘ది లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ కథను వ్రాసి 1975లో జెనసిస్ నుండి వైదొలగిన పీటర్ గేబ్రియెల్. తరువాత శ్రీనివాస్, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించిన జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించి, 2014లో అకాలంగా మరణించినాడు. ప్రోగ్రెసివ్ రాక్ గాయకుడు ఒకడు కాలక్రమాన పాలకొల్లు వాద్యానికి శ్రోత అయి, ప్రకాశకుడైనాడు. శ్రోతకూ కర్తకూ మధ్య గీత ఎక్కడ గీయవలెను?

ఇప్పుడు ఆ ఆల్బమ్‌లలో దాదాపు ప్రతియొకటి చేతిలోని ఫోనులో దొరుకుతుంది. ఫ్రీ స్కూల్ స్ట్రీటులో వెదకనక్కరలేదు. పదిమంది ఒక రికార్డు కొరకు కాచుకొననక్కరలేదు. ఇది మేలే. వర్క్‌షాపు కార్మికుని బిడ్డకూ, హిజ్లీ విద్యార్థికీ మధ్య రికార్డు ప్లేయరు కట్టిన గోడ కూలినది. కాని అదే ఫోను పాటను ఆల్బమ్ నుండి విడదీసి, ముప్పది క్షణాల ముక్కగా తుంచి, తరువాతి ముక్కకు త్రోస్తుంది. 78 చుట్ల ప్లేటు నాడు యంత్రం కురచ, శ్రోత ఓర్పు దీర్ఘం. నేడు యంత్రానికి హద్దు లేదు. ఓర్పు కురచ అవుతున్నది. ఈ మార్పు ఒక్క రాక్ సంగీతాన్ని తాకి విడిచేది కాదు. హరికథకు, నవలకు, పద్యకావ్యానికి కావలసినది ఇదే ఓర్పు.

ఖరగ్‌పూరు తెలుగువారికి ఈ విషయం మరికొంత సన్నిహితం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇచ్చుటకు నిర్ణయించినది. ఖరగ్‌పూరులో స్థిరపడిన తెలుగువారు దానికి ప్రధాన కారణం. నూరేండ్లకు పైగా ఆ ఊరిలో నిలిచిన భాషకు అది తగిన గౌరవమే. అయితే ప్రభుత్వం భాషకు స్థానం ఇవ్వగలదు, శ్రోతను ఇవ్వలేదు. బెంగాలీలో చదివి, హిందీలో మాట్లాడి, ఇంట్లో మాత్రం తెలుగు వినే నాలుగవ తరం పిల్లవానికి తాత చెప్పే కథను చివరవరకు వినే ఓర్పు ఉంటే, ఆ భాషకు అక్కడ మరొక తరం ఆయువు ఉంటుంది. ఎవరో తెలియని ఆంగ్లేయుల ఇరవైమూడు నిమిషాల కృతిని, మాట సగమే అర్థమైనా, చీకటి గదిలో కదలక కూర్చుండి విన్న యువకులను వ్యామోహులని త్రోసివేయుటకు ముందు, వారు నిలుపుకొన్న ఆ ఓర్పును లెక్కలోనికి తీసికొనవలసి ఉన్నది. వారిలో కొందరి చెవులు తూర్పుతీరపు రైలులో ఆ ఊరు చేరిన కుటుంబాలవి.